హైదరాబాదు పిన్‌కోడ్‌లలో ప్రధాన సంఖ్యలు: చిన్న ప్రోగ్రామ్ చెప్పేదీ, చెప్పనిదీ

వ్యాససంగ్రహం

500001 నుంచి 500099 వరకు గల హైదరాబాదు పిన్‌కోడ్ శ్రేణిలో ప్రధాన సంఖ్యలేవి? ఈ చిన్న సమస్యను పది పంక్తులకు మించని కంప్యూటర్ ప్రోగ్రామ్ పరిష్కరిస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఏ సిద్ధాంతం మీద నిలబడిందో, ఎక్కడ తొందరపడితే తప్పు ఫలితం వస్తుందో, వచ్చిన ఫలితాన్ని ఇతరులు ఎలా సరిచూడగలరో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లక్డీకాపూల్ (500004), ఉప్పల్ (500039), రాజ్‌భవన్ (500041) సంఖ్యలను ప్రధాన ఉదాహరణలుగా తీసుకొని, ఒక సంఖ్య ‘కష్టమైనది’ అనడం ఆ సంఖ్య స్వభావం మీద కంటే ఎంచుకున్న పద్ధతి మీద ఎక్కువగా ఆధారపడుతుందని ఈ వ్యాసం చూపుతుంది.

కీలక పదాలు: ప్రధాన సంఖ్య, సంయుక్త సంఖ్య, ఎరటోస్తనీస్ జల్లెడ, ఫెర్మా పద్ధతి, పిన్‌కోడ్, సాక్ష్యం, ప్రోగ్రామ్

1. ఉపోద్ఘాతం

1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప మరే ధన పూర్ణ సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య. 1 కంటే పెద్దవైన తక్కిన పూర్ణ సంఖ్యలన్నీ సంయుక్త సంఖ్యలు. పాఠశాలలోనే పరిచయమయ్యే ఈ నిర్వచనం ఎంత సులభమో, ఒక నిర్దిష్ట సంఖ్య విషయంలో దాన్ని నిర్ధారించడం అంత సులభం కాదు. 97 ప్రధాన సంఖ్య అని నోటిలెక్కతో చెప్పవచ్చు. 500039 ప్రధాన సంఖ్యా, కాదా అంటే కాగితం అందుకోవలసిందే, లేదా కంప్యూటర్‌ను ఆశ్రయించవలసిందే.

కంప్యూటర్ క్షణంలో సమాధానం ఇస్తుంది. ఆ సమాధానాన్ని పరిశోధనలో ఏ హోదాతో స్వీకరించాలన్నదే చర్చనీయాంశం. అది నిరూపణా, పరిశీలనా, లేక కేవలం ఒక సూచనా? ఈ ప్రశ్నను పెద్ద పెద్ద సంఖ్యల మీద చర్చిస్తే చదువరికి సరిచూసే అవకాశం ఉండదు. అందుకే నగరవాసులందరికీ పరిచితమైన ఆరంకెల సంఖ్యలను ఇక్కడ తీసుకోవడం జరిగింది. ఈ వ్యాసంలోని ప్రతి లబ్ధాన్నీ చదువరి కాగితం మీద గుణించి సరిచూసుకోవచ్చు.

2. సమస్యా నిర్వచనం

భారత తపాలాశాఖ పిన్‌కోడ్ విధానాన్ని 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టింది. ఆరంకెల ఈ సంఖ్యలో మొదటి అంకె తపాలా మండలాన్ని, మొదటి మూడంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా కార్యాలయాన్ని సూచిస్తాయి. 5తో మొదలయ్యే మండలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్నాయి. 500 హైదరాబాదును సూచిస్తుంది. ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు 500001. నాంపల్లి చిరునామాలలోనూ ఇదే సంఖ్య కనిపిస్తుంది. అక్కడి నుంచి అసెంబ్లీ మీదుగా లక్డీకాపూల్ చేరేసరికి సంఖ్య 500004 అవుతుంది.

సమస్య ఇది: 500001 మొదలు 500099 వరకు గల 99 పూర్ణ సంఖ్యలలో ప్రధాన సంఖ్యలు ఎన్ని, అవి ఏవి?

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. ప్రశ్న సంఖ్యలకు సంబంధించినదే గాని తపాలా కార్యాలయాలకు సంబంధించినది కాదు. ఏ సంఖ్యను ఏ కార్యాలయానికి కేటాయించారన్నది తపాలాశాఖ జాబితా చూసి తెలుసుకోవలసిన విషయం. ఒక ప్రాంతపు సంఖ్య ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఆ ప్రాంతానికి ప్రత్యేకమైన గుణమేదీ సంక్రమించదు. ఇది సంఖ్యా సిద్ధాంతం. జ్యోతిష సంబంధమైన సంఖ్యాశాస్త్రం కాదు. ప్రోగ్రామ్ రాయడానికి ముందే ప్రశ్న హద్దులను ఇలా నిర్ణయించుకోకపోతే, సరైన ప్రోగ్రామ్ కూడా వేరొక ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

3. వర్గమూలపు హద్దు

నిర్వచనాన్ని యథాతథంగా అనుసరిస్తే 500041ని పరీక్షించడానికి 2 నుంచి 500040 వరకు ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడాలి. అంటే 500039 భాగహారాలు. ఈ శ్రమను తగ్గించేది ఒక చిన్న ఉపపత్తి.

‘న’ ఒక సంయుక్త సంఖ్య అనుకుందాం. అప్పుడు న = క × చ అని రాయవచ్చు; క, చ రెండూ 1 కంటే పెద్దవి. ఈ రెండూ ‘న’ వర్గమూలం కంటే పెద్దవైతే వాటి లబ్ధం ‘న’ను మించిపోతుంది. అది అసంభవం. కాబట్టి రెండింటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. పైగా 1 కంటే పెద్దదైన అతి చిన్న భాజకం తప్పనిసరిగా ప్రధాన సంఖ్యే అవుతుంది. అది సంయుక్తమైతే దానికంటే చిన్న భాజకం ‘న’కు ఉండి తీరాలి. అందువల్ల వర్గమూలం వరకు గల ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు.

707 వర్గం 499849, 708 వర్గం 501264. కనుక ఈ శ్రేణిలోని ఏ సంఖ్యకైనా 707 వరకు గల ప్రధాన సంఖ్యలే సరిపోతాయి. అవి 126. మొదట 500039గా ఉన్న భాగహారాల సంఖ్య, వర్గమూలపు హద్దుతో 706కు, సరి భాజకాలలో 2ను మాత్రమే ఉంచితే 354కు, ప్రధాన సంఖ్యలకే పరిమితమైతే 126కు దిగుతుంది. ఈ తగ్గింపు యంత్రవేగం వల్ల వచ్చింది కాదు. నాలుగు వాక్యాల ఉపపత్తి వల్ల వచ్చింది. ప్రోగ్రామ్ పొట్టిగా ఉండగలగడానికి కారణం ఈ ఉపపత్తి దాని వెనుక ఉండడమే.

4. ప్రోగ్రామ్, దాని ఫలితాలు

ఈ ప్రోగ్రామ్‌ను పైథాన్ వంటి ఏ భాషలోనైనా రాయవచ్చు. దాని సారాంశం ఇది:

(అ) ‘న’ విలువను 500001 నుంచి 500099 వరకు వరుసగా తీసుకోవాలి.
(ఆ) ప్రతి ‘న’కూ ‘ప’ విలువను 2తో మొదలుపెట్టాలి.
(ఇ) ప × ప విలువ ‘న’ను మించనంత వరకు, ‘న’ను ‘ప’తో భాగించి శేషం చూడాలి.
(ఈ) శేషం సున్న అయితే ‘న’ సంయుక్త సంఖ్య. ‘న’, ‘ప’, వాటి భాగఫలం మూడింటినీ ముద్రించి తరువాతి ‘న’కు వెళ్లాలి.
(ఉ) శేషం సున్న కాకపోతే ‘ప’ను ఒకటి పెంచి (ఇ)కి తిరిగి రావాలి.
(ఊ) ప × ప విలువ ‘న’ను మించినా భాజకం దొరకకపోతే ‘న’ ప్రధాన సంఖ్య అని ముద్రించాలి.

(ఇ)లో ‘మించనంత వరకు’ అనే మాట కీలకం. దాని బదులు ‘తక్కువగా ఉన్నంత వరకు’ అని రాస్తే, 49, 121 వంటి ప్రధాన సంఖ్యల వర్గాలను ప్రోగ్రామ్ ప్రధాన సంఖ్యలుగా ప్రకటిస్తుంది. ఈ శ్రేణిలో పరిపూర్ణ వర్గ సంఖ్యలు లేవు కాబట్టి ఇక్కడ ఆ పొరపాటు బయటపడదు. మరో శ్రేణికి అదే ప్రోగ్రామ్‌ను వాడినప్పుడు బయటపడుతుంది. ఒక శ్రేణిలో సరైన ఫలితం ఇచ్చినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనదని చెప్పలేమనడానికి ఇది చాలిన ఉదాహరణ.

ఇదే పనిని ఎరటోస్తనీస్ జల్లెడ పద్ధతిలో కాగితం మీద చేస్తే సంఖ్యలు రాలిపోయే తీరు కళ్లకు కడుతుంది. శ్రేణిలోని సంఖ్యలన్నీ 500000కు ఒక చిన్న సంఖ్యను కలపగా వచ్చినవే. కాబట్టి ప్రతి ‘ప’కూ మొదటి గుణిజాన్ని కనుక్కుంటే, ఆపైన ‘ప’ చొప్పున ముందుకు అడుగు వేస్తే చాలు. ఉదాహరణకు 7 × 71429 = 500003. అందువల్ల 500003, 500010, 500017 ఇలా ప్రతి ఏడవ సంఖ్యా తొలగిపోతుంది. సికింద్రాబాదు సంఖ్య 500003 పైకి ప్రధాన సంఖ్యలా కనిపించినా 7 దగ్గరే రాలిపోతుందన్నమాట.

2, 3, 5 గుణిజాలను తొలగిస్తే 99లో 26 సంఖ్యలు మిగులుతాయి. ఆబిడ్స్ 500001, ఉస్మానియా విశ్వవిద్యాలయం 500007 రెండూ 3 దగ్గర పోయినవే. తరువాతి క్రమం ఇది:

7 వల్ల నాలుగు తొలగి 22 మిగులుతాయి.
11 వల్ల మూడు తొలగి 19 మిగులుతాయి.
17 వల్ల రెండు, 19 వల్ల రెండు తొలగి 15 మిగులుతాయి.
29, 41, 47, 71, 101, 107, 193, 227 ఒక్కొక్కటి ఒక్కో సంఖ్యను తొలగించగా 7 మిగులుతాయి.
673 ఒక సంఖ్యను తొలగించగా 6 మిగులుతాయి.

మిగిలిన ఆరు: 500009, 500029, 500041, 500057, 500069, 500083. ఇవే ఈ శ్రేణిలోని ప్రధాన సంఖ్యలు. చిరునామాలలో ఇవి వరుసగా మనోవికాస్ నగర్, హిమాయత్‌నగర్, రాజ్‌భవన్, విజయనగర్ కాలనీ, ఇమారత్ పరిశోధన కేంద్రం, నాగారం ప్రాంతాలకు కనిపిస్తాయి. ప్రధాన సంఖ్యా సిద్ధాంతం ప్రకారం 500000 పరిసరాల్లో సగటున ప్రతి 13 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. ఆ లెక్కన 99 సంఖ్యలలో ఏడో ఎనిమిదో ఉండవచ్చుననే అంచనాకు 6 దగ్గరగానే ఉంది. అయితే ఇటువంటి దగ్గరితనం ఫలితానికి నిరూపణ కాదు, స్థూలమైన సరిపోలిక మాత్రమే.

5. మూడు పొరుగు సంఖ్యలు

పై క్రమంలో చివరి రెండు మెట్ల మధ్య ఉన్న ఖాళీని గమనించాలి. 227 ప్రధాన సంఖ్యల వరుసలో 49వది. 673 అదే వరుసలో 122వది. ఈ రెంటి నడుమ ఉన్న 72 ప్రధాన సంఖ్యలు మిగిలిన ఏడింటిలో ఒక్కదాన్ని కూడా తొలగించలేవు. కాగితం మీద లెక్క చేసేవారు 300 దగ్గరో, 500 దగ్గరో విసిగి ఆపేస్తే, ఏడు ప్రధాన సంఖ్యలున్నాయని తేలుస్తారు. ఏడవది ఉప్పల్ పిన్‌కోడ్ 500039. దాని నిజస్వరూపం 673 × 743. కారణాంకాలు రెండూ ప్రధాన సంఖ్యలే.

లక్డీకాపూల్ సంఖ్య ఇందుకు పూర్తిగా భిన్నం. 500004 = 2² × 3² × 17 × 19 × 43. దాని ప్రధాన కారణాంకాలలో అతి పెద్దది 43 మాత్రమే. ఇలా చిన్న చిన్న కారణాంకాలుగా విడిపోయే సంఖ్యలను మృదు సంఖ్యలు అనవచ్చు. ఒక హద్దులోపల ఇటువంటి సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న సంఖ్యా సిద్ధాంతంలో చిన్నదేమీ కాదు. 1930లో కార్ల్ డిక్‌మన్ ఈ దిశలో తొలి ఫలితం ఇచ్చారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వి. రామస్వామి 1949లో అమెరికన్ గణిత సంఘం బులెటిన్‌లో ప్రచురించిన పత్రం ఈ విషయం మీద వచ్చిన తొలినాటి కఠిన నిరూపణలలో ఒకటి. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడదీసే నేటి పద్ధతుల విశ్లేషణకు మృదు సంఖ్యల గణన పునాది వంటిది.

మూడవది 500041. దీనికి 707లోపు భాజకమే లేదు. ప్రోగ్రామ్ 126 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూస్తేనే అది ప్రధాన సంఖ్య అని చెప్పగలదు. అంటే 500004 విషయంలో ఒక్క భాగహారం, 500039 విషయంలో 122, 500041 విషయంలో 126. ఈ అంకెలు చూస్తే ఉప్పల్ సంఖ్య ఈ శ్రేణిలోని సంయుక్త సంఖ్యలలోకెల్లా కఠినమైనదన్న అభిప్రాయం కలుగుతుంది. ఆ అభిప్రాయం నిలుస్తుందా?

6. ఫెర్మా పద్ధతి: కష్టం ఎక్కడుంది?

17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియెర్ ద ఫెర్మా కారణాంక విభజనకు మరో దారి చూపారు. బేసి సంయుక్త సంఖ్య న = క × చ అయితే, క, చ రెండూ బేసి సంఖ్యలే. కనుక వాటి మొత్తంలో సగమూ, భేదంలో సగమూ పూర్ణ సంఖ్యలే. మొత్తంలో సగపు వర్గం నుంచి భేదంలో సగపు వర్గాన్ని తీసివేస్తే ‘న’ వస్తుంది. అంటే ‘న’ను రెండు వర్గాల భేదంగా రాయడమూ, కారణాంకాలుగా విడదీయడమూ ఒకటే. ఇందుకోసం ‘న’ వర్గమూలానికి పైనున్న మొదటి పూర్ణ సంఖ్యతో మొదలుపెట్టి, దాని వర్గం నుంచి ‘న’ను తీసివేసి, మిగిలినది పరిపూర్ణ వర్గమా కాదా అని చూడాలి. కాకపోతే తరువాతి సంఖ్యకు వెళ్లాలి.

ఉప్పల్ సంఖ్యకు ఈ పద్ధతిని వర్తింపజేస్తే:

708² − 500039 = 501264 − 500039 = 1225 = 35².

మొదటి ప్రయత్నంలోనే పని పూర్తయింది. 708 − 35 = 673, 708 + 35 = 743. భాగహార పద్ధతిలో 122 ప్రధాన సంఖ్యల వరకు దొరకని కారణాంకాలు, 35 వర్గం 1225 అని తెలిసిన విద్యార్థికి ఒక్క తీసివేతతో దొరికాయి.

అయితే ఫెర్మా పద్ధతి భాగహారం కంటే మేలైనదని తేల్చవచ్చునా? బోయిన్‌పల్లి పిన్‌కోడ్ 500011ను చూడాలి. 500011 = 107 × 4673. ప్రధాన సంఖ్యల వరుసలో 107 స్థానం 28. భాగహార పద్ధతి 28వ ప్రయత్నంలో దీన్ని విడదీస్తుంది. ఫెర్మా పద్ధతిలో 107, 4673ల మొత్తంలో సగమైన 2390 దాకా పోవాలి. 708 నుంచి 2390 వరకు 1683 ప్రయత్నాలు. ఇక 500041 వంటి ప్రధాన సంఖ్య ఎదురైతే ఫెర్మా పద్ధతి 250021 దాకా, అంటే 249314 ప్రయత్నాలు చేయవలసి వస్తుంది.

కాబట్టి ఒక సంఖ్య సహజంగానే కఠినమైనదనీ, మరొకటి సులభమైనదనీ అనడం పూర్తిగా సరికాదు. చిన్న కారణాంకం ఉన్న సంఖ్య భాగహారానికి లొంగుతుంది. కారణాంకాలు పరస్పరం దగ్గరగా ఉన్న సంఖ్య ఫెర్మా పద్ధతికి లొంగుతుంది. రెండింటినీ కలిపితే? 227 వరకు గల 49 ప్రధాన సంఖ్యలతో భాగించిన తరువాత ఫెర్మా పద్ధతికి మారితే, 708 నుంచి 1206 వరకు 499 ప్రయత్నాలు చాలు. ఎందుకంటే అప్పటికి మిగిలిన సంఖ్యకు చిన్న కారణాంకం 229కి తక్కువ ఉండదు, పెద్దది 2183ను మించదు. 249314తో పోలిస్తే ఇది గొప్ప ఆదా. అయినా ప్రధాన సంఖ్యను నిర్ధారించడానికి 126 భాగహారాలే దీనికంటే తక్కువ శ్రమ. శ్రేణి మారితే, పరిమాణం మారితే ఈ బేరీజు కూడా మారుతుంది.

ఈ విషయానికి ఆచరణలో ఎంతో ప్రాధాన్యం ఉంది. అంతర్జాలంలో రహస్య సమాచార రక్షణకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడదీయడం దుస్సాధ్యమన్న నమ్మకం మీద ఆధారపడింది. ఉప్పల్ సంఖ్య అటువంటి లబ్ధానికి బొమ్మలాంటి నమూనా. ఆ రెండు ప్రధాన సంఖ్యలు మరీ దగ్గరగా ఉంటే, అవి ఎంత పెద్దవైనా ఫెర్మా పద్ధతి వాటిని తేలికగా బయటపెడుతుంది. అందువల్ల ఆర్‌ఎస్‌ఏ కోసం ప్రధాన సంఖ్యలను ఎంచుకునేటప్పుడు వాటి మధ్య తగినంత ఎడం ఉండేలా చూస్తారు.

7. చేతికందని సంఖ్యలు: 2004 నాటి ఒక పొడుపు

హైదరాబాదు శ్రేణి చిన్నది; ప్రోగ్రామ్ తప్పినా కాగితం సరిదిద్దుతుంది. కాగితం మీద సరిచూడడం కష్టమైన సమస్యలో జాగ్రత్తలు ఇంకా పెరగాలి. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 2004లో గూగుల్ సంస్థ అమెరికాలో రహదారి పక్కన ప్రకటన ఫలకం మీద ఉంచిన పొడుపు. సహజ సంవర్గమానాలకు ఆధారమైన ‘ఇ’ అనే స్థిరాంకం (2.71828...) అంకెలలో వరుసగా వచ్చే పదంకెల ప్రధాన సంఖ్యలలో మొదటిది ఏది అన్నది ప్రశ్న. సమాధానం 7427466391. దశాంశ బిందువు తరువాత 99వ స్థానంలో మొదలై 108వ స్థానంలో ముగుస్తుంది.

దీనికీ చిన్న ప్రోగ్రామే చాలు. కాని మూడు విషయాలు ముందే తేల్చుకోవాలి.

మొదటిది అంకెల విశ్వసనీయత. కంప్యూటర్‌లో మామూలుగా వాడే దశాంశ సంఖ్యలు పదిహేను, పదహారు అంకెల వరకే నమ్మదగినవి. వాటితో 108వ స్థానాన్ని చేరడం అసాధ్యం. అందువల్ల 10 యొక్క 120వ ఘాతాన్ని వరుసగా 1, 2, 3 ఇలా 80 వరకు భాగిస్తూ, వచ్చిన పూర్ణ సంఖ్యలన్నిటినీ కూడాలి. 80 క్రమగుణితం 119 అంకెల సంఖ్య కాబట్టి ఆ తరువాతి పదాల ప్రభావం కావలసిన స్థానాలను తాకదు. ప్రతి భాగహారంలో వదిలివేసిన శేషాల వల్ల కలిగే దోషం చివరి రెండు మూడు స్థానాలకే పరిమితమవుతుంది.

రెండవది నిర్వచనం. సున్నతో మొదలయ్యే పదంకెల వరుసను పదంకెల సంఖ్య అనవచ్చునా? అనకూడదు. సమాధానానికి ముందు అటువంటి వరుసలు ఐదు ఉన్నాయి: 0452353602, 0287471352, 0936999595, 0766303535, 0353547594. వీటిలో మూడు సరి సంఖ్యలు, రెండు 5తో ముగిసేవి. కనుక ఈ నిర్వచన భేదం ఇక్కడ సమాధానాన్ని మార్చలేదు. ఆ సంగతి చూసిన తరువాతే చెప్పగలిగేది; ముందుగా ఊహించి వదిలేయదగినది కాదు.

మూడవది అంచనాకూ ఫలితానికీ ఉన్న దూరం. పదంకెల సంఖ్యలలో సగటున సుమారు 22 లేదా 23 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. ఈ లెక్కన సమాధానానికి ముందున్న 99 వరుసలలో నాలుగైనా ప్రధాన సంఖ్యలు తగలాలి. ఒక్కటీ తగలకపోవడానికి అవకాశం స్థూలంగా నూటికి ఒకటి. అయినా అదే జరిగింది. వందవ వరుస దాకా ఏమీ దొరకనప్పుడు ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని అనుమానించడం సహజం. ఆ అనుమానాన్ని తీర్చేది సంభావ్యత కాదు, ప్రతి వరుసకూ దొరికిన భాజకమే. చివరకు 7427466391 ప్రధాన సంఖ్య అని నిర్ధారించడానికి 86182 వరకు గల 8 వేల పైచిలుకు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. కంప్యూటర్‌కు ఇది క్షణికమైన పని, మనిషికి కాదు.

8. ఫలితానికి సాక్ష్యం

సంయుక్త సంఖ్యకూ, ప్రధాన సంఖ్యకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. 500039 సంయుక్త సంఖ్య అని చెప్పినవారు 673, 743 అనే రెండు సంఖ్యలను చూపితే చాలు. వాటిని ఎలా కనుగొన్నారన్నది అనవసరం. ప్రోగ్రామ్ మీద నమ్మకం కూడా అవసరం లేదు. ఒక గుణకారంతో ఎవరైనా సరిచూడవచ్చు. 500041 ప్రధాన సంఖ్య అని చెప్పినవారు మాత్రం ‘వెదికాను, భాజకం దొరకలేదు’ అంటున్నారు. వెదకడం పూర్తిగా జరిగిందా, మధ్యలో ఆగిందా అన్నది ఆ ఒక్క మాటను బట్టి తెలియదు.

ఈ లోటును తీర్చడానికి సత్వర పరీక్షలు కొన్ని వాడుకలో ఉన్నాయి. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ‘ప’ 2 కంటే పెద్ద ప్రధాన సంఖ్య అయితే, 2 యొక్క (ప − 1)వ ఘాతాన్ని ‘ప’తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. దీన్ని తిరగేసి, శేషం 1 వస్తే ప్రధాన సంఖ్యేనని భావించే ప్రోగ్రామ్‌ను ఒకే పంక్తిలో రాయవచ్చు. అది తప్పుదారి. 341 = 11 × 31 సంయుక్త సంఖ్య అయినా ఈ పరీక్షలో నెగ్గుతుంది. 561 = 3 × 11 × 17 అయితే, దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారసంఖ్యతో పరీక్షించినా నెగ్గుతుంది.

ప్రధాన సంఖ్యకు కూడా నిర్దుష్టమైన చిన్న సాక్ష్యం ఉంటుందని 1975లో వాన్ ప్రాట్ చూపారు. 500041కి ఆ పద్ధతి ఇలా వర్తిస్తుంది. దానికంటే ఒకటి తక్కువైన 500040ని 2³ × 3³ × 5 × 463గా విడదీయాలి. 500041తో భాగించినప్పుడు 500040వ ఘాతానికి శేషం 1 వచ్చి, 250020, 166680, 100008, 1080 ఘాతాలలో దేనికీ శేషం 1 రాని ఒక ఆధారసంఖ్యను చూపాలి. ఈ నాలుగు ఘాతాలు 500040ని వరుసగా 2, 3, 5, 463 భాగించగా వచ్చినవి. అటువంటి ఆధారసంఖ్య ప్రధాన సంఖ్యలకు తప్పక ఉంటుంది, సంయుక్త సంఖ్యలకు ఎన్నడూ ఉండదు. 463 ప్రధాన సంఖ్య అని 19 వరకు గల ఎనిమిది ప్రధాన సంఖ్యలతో తేల్చవచ్చు. అప్పుడు 126 భాగహారాలను మళ్లీ చేయనక్కరలేదు. ఐదు ఘాతాల శేషాలను సరిచూస్తే చాలు.

ఎంత పెద్ద సంఖ్యనైనా, ఏ సందేహానికీ తావివ్వకుండా, అంకెల సంఖ్యను బట్టి బహుపది కాలంలో నిర్ధారించవచ్చునని 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. ఏకేఎస్ పరీక్షగా పేరుపొందిన ఆ ఫలితం 2004లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమేటిక్స్ పత్రికలో వెలువడింది. ఆచరణలో దానికంటే వేగవంతమైన పరీక్షలున్నాయి. సిద్ధాంతపరంగా ఆ ఫలితానికున్న స్థానం వేరు.

9. ముగింపు

99 సంఖ్యల చిన్న శ్రేణి నుంచి పరిశోధకులకు ఉపకరించే అంశాలు నాలుగు తేలుతున్నాయి. ఒకటి, ప్రోగ్రామ్ పొట్టితనానికి కారణం దాని వెనుకనున్న సిద్ధాంతం. కాబట్టి పరిశోధన పత్రంలో ప్రోగ్రామ్‌తో పాటు ఆ సిద్ధాంతాన్ని కూడా పేర్కొనాలి. రెండు, వెదకిన హద్దును స్పష్టంగా చెప్పాలి. 500 దగ్గర ఆగిన లెక్కకూ 707 దాకా సాగిన లెక్కకూ తేడా ఉప్పల్ సంఖ్య. మూడు, ప్రోగ్రామ్ ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే కాక సాక్ష్యాన్ని కూడా ముద్రించాలి. సంయుక్త సంఖ్యకు కారణాంకాన్ని, ప్రధాన సంఖ్యకు ప్రాట్ పద్ధతిలోని ఆధారసంఖ్యను జతపరిస్తే, ఆ ఫలితాన్ని మరొకరు మరో భాషలో, మరో యంత్రం మీద సరిచూడగలరు. నాలుగు, ఒక పద్ధతికి లొంగని సంఖ్య మరో పద్ధతికి సులభంగా లొంగవచ్చు. కనుక ఒకే పద్ధతి అనుభవంతో ‘ఇది కష్టమైన సంఖ్య’ అని నిర్ణయించరాదు.

బోధనకు కూడా ఈ సమస్య అనుకూలమైనది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చిన నాటి నుంచి తెలుగులో గణితం చెప్పుకునే సంప్రదాయం ఉంది. డిగ్రీ తరగతిలో ఒక్కొక్క విద్యార్థి తన ఊరి పిన్‌కోడ్‌ను తీసుకొని, ముందు కాగితం మీద, తరువాత ప్రోగ్రామ్‌తో, ఆపైన ఫెర్మా పద్ధతిలో పరీక్షించవచ్చు. ఆరంకెల సంఖ్య ఏదైనా వర్గమూలం 1000కి మించదు. 1000 లోపు ప్రధాన సంఖ్యలు 168. ఆ పట్టిక ఒక పుటలో ఇమిడిపోతుంది. కంప్యూటర్ లేని తరగతిగదిలోనూ ఈ సమస్యను చివరిదాకా సాధించవచ్చు. కంప్యూటర్ ఉన్నచోట అదే పట్టికతో యంత్రం ఇచ్చిన ఫలితాన్ని సరిచూడవచ్చు.